క్యారేజీ కింద తెల్లమచ్చ

"పడవ చీలిపోయిందర్రో! పోలయ్య పడవ చీలిపోయిందర్రో!"

వీధి చివరి నుంచి ఆ కేక వినబడగానే గవ్వలరేవు జనమంతా ఒడ్డుకు పరుగెత్తారు. పోలయ్య తమ్ముడు ఎర్రయ్య మాత్రం నోటిదాకా వచ్చిన ముద్దను కంచంలో వదిలేసి అలాగే కూర్చుండిపోయాడు. పడవ ఎక్కడ చీలిందో చూడకుండానే తెలిసినవాడు ఊళ్లో అతనొక్కడే.

ఎలా తెలుసంటారా? చెబుతాను, వినండి. ఎర్రయ్య ఆ రేవులో అందరికంటే చురుకైన పనివాడు, కానీ తన పనిలో తప్పుందని ఒప్పుకోవడమంటే అతనికి ప్రాణం పోయినట్టుండేది.

ఆ ఏడాది రేవు షెడ్డులో ఫైబరు పడవలు చేయడం నేర్పే శిక్షణ పెట్టారు. ఎర్రయ్యతో కలిపి పన్నెండు మంది చేరారు. అమ్మోరయ్య మేస్త్రి కాగితం మీద పడవ గీయడం దగ్గర నుంచి అచ్చులోంచి పైకి లేపడం దాకా అన్నీ వాళ్ల చేతులతోనే చేయించేవాడు. అందులో పెద్ద మాయేమీ లేదు లెండి. గాజునార గుడ్డను అచ్చులో పరుస్తారు. దాని మీద తేనెలాంటి జిగురు పోస్తారు. కంపు మాత్రం తేనెది కాదు, తల తిరిగిపోతుంది! ఆ జిగురు బిగిసేలోపు రోలరుతో రుద్ది రుద్ది లోపలి గాలంతా తోసేయాలి. గాలి పోయినచోట గుడ్డ అద్దంలా అవుతుంది. మిగిలినచోట తెల్లగా ఉండిపోతుంది.

"తెల్లగా ఉన్నచోట ఇయ్యాల గాలుంటాది. రేపు అక్కడే సముద్రముంటాది" అనేవాడు మేస్త్రి.

చివరి వారం అందరూ కలిసి ఒక పడవ చేశారు. ముందుభాగం ఎర్రయ్యకు వచ్చింది. అందరికంటే ముందు ముగించాలని గబగబా రోలరు తిప్పాడు. ముగించాడు కూడా. తీరా చూస్తే అడుగున అరచేయంత తెల్లమచ్చ. ఎండకు జిగురు అప్పటికే బిగిసిపోయింది. దాన్ని చెక్కేసి మళ్లీ పొరలు వేయాలంటే ఒక పూట పని. పైగా అందరి ముందూ చెప్పాలి. ఎర్రయ్య అటూ ఇటూ చూసి, పడవ లోపల వేసే నీలం రంగు తెచ్చి దాని మీదా చుట్టూరా పూసేశాడు.

మర్నాడు మేస్త్రి రూపాయి బిళ్ల పట్టుకుని పడవలోకి దిగాడు. బిళ్లతో అంగుళం అంగుళం కొట్టి చూడడం అతని పద్ధతి. గట్టిగా ఉన్నచోట టంగుమంటుంది, లోపల గాలుంటే డబ్బుమంటుంది. సరిగ్గా అతను ముందుభాగానికి వచ్చేసరికి ఎర్రయ్య తన అన్నం క్యారేజీ తెచ్చి ఆ మచ్చ మీద పెట్టాడు.

"ఏటిరా, పడవకి కూడా బువ్వ పెడతావేటి? తీయ్" అన్నాడు మేస్త్రి.

"పులుసు ఒలికిపోద్ది మేస్త్రీ. చుట్టూరా కొట్టీయండి, ఏటవుద్ది?"

అందరూ నవ్వారు. మేస్త్రి కూడా నవ్వి, ఆకలిగా ఉందేమో, క్యారేజీ చుట్టూ కొట్టి లేచిపోయాడు.

ఆ పడవ ఎవరికివ్వాలో తేల్చడానికి రేవు జాలర్ల పేర్లు రాసి చీటీలు తీశారు. ఎర్రయ్య అన్న పోలయ్య పేరే వచ్చింది! పోలయ్య తమ్ముణ్ని కావలించుకుని, "మా తమ్ముడు చేసిన పడవ. కళ్లు మూసుకుని ఎక్కుతాను" అన్నాడు.  మచ్చ సంగతి రేపు చెబుదామనుకున్నాడు ఎర్రయ్య. పది రోజులు పడవ బాగానే తిరిగింది. ఇక చెప్పనక్కర్లేదనుకున్నాడు.

పదకొండో రోజు గాలి లేచింది. ముందుభాగం అలల మీద దబదబా పడుతుంటే ఆ మచ్చ దగ్గరే పొరలు విడిపోయాయి. వేరే పడవవాళ్లు పోలయ్యను తొడ ఎముక విరిగిన స్థితిలో ఒడ్డుకు చేర్చారు. అతనితో వెళ్లిన దానయ్య దొరకలేదు. రెండో రోజు సముద్రమే అతణ్ని ఒడ్డుకు తెచ్చింది.

ఆ శవం ముందు ఎర్రయ్య మోకాళ్ల మీద పడి, మచ్చ సంగతీ క్యారేజీ సంగతీ మొత్తం చెప్పేశాడు. ఎవరూ కొట్టలేదు. దానయ్య భార్య కన్నమ్మ మాత్రం తలెత్తి చూసి, "నోరు నీకు ఇయ్యాల వచ్చిందేటిరా?" అంది.

"తప్పు నాదీ ఉందమ్మా. క్యారేజీ నేను తీయించలేదు" అన్నాడు మేస్త్రి. ఆ తర్వాత అతను నవ్వగా ఎవరూ చూడలేదు.

ఎర్రయ్యతో ఎవరూ పంక్తిలో కూర్చునేవారు కాదు. సొంత అన్న కూడా మంచాన్ని గోడవైపు తిప్పించుకుని తినేవాడు. కన్నమ్మ ఇంటికి షెడ్డువాళ్లు కొత్త పడవ చేసివ్వాలనుకున్నప్పుడు, "నన్నూ రానీయండి" అని ఎర్రయ్య బతిమాలాడు. రానిచ్చారు. పని సగంలో ఉండగా అతనే గట్టిగా అరిచాడు.

"మేస్త్రీ! ఇక్కడ తెల్లగా ఉంది!"

అతను రుద్దినచోటే చింతపిక్కంత మచ్చ. అయినా చెక్కారు, మళ్లీ వేశారు. ఒక పూట పోయింది.

పడవ పూర్తయిన రోజు కన్నమ్మే బిళ్ల పట్టుకుని లోపలికి దిగింది. క్యారేజీలన్నీ షెడ్డు బయట వరసగా ఉన్నాయి. అన్నం చల్లారిపోయింది. ఎవరూ కదల్లేదు. టంగ్, టంగ్, టంగ్. ఆమె ముందుభాగం రెండుసార్లు కొట్టి చూసింది. తర్వాత దిగివచ్చి చేతులు కడుక్కుంది. దూరంగా నిలబడ్డ ఎర్రయ్యను చూసింది.

"నా మనిషి రాడు. అది నేను మరవను" అంది. క్యారేజీల వైపు చూపించి, "కూకో. కూడు చల్లారిపోతంది" అంది.

కర్ర ఊతంతో వచ్చిన పోలయ్య పక్కకు జరిగి తమ్ముడికి చోటిచ్చాడు. మేస్త్రి క్యారేజీ మూత తీశాడు. అందరూ ఒకే పంక్తిలో కూర్చుని తిన్నారు.

చేసిన తప్పు ఆ రోజే చెబితే పోయేది ఒక పూట పని, దాచిపెడితే పోయేది ఒక మనిషి.