ఉడత తడిపిన బస్తా

నేనెప్పుడూ ఏదీ రాసి ఎరగను. పిల్లలకి నోటితో చెప్పే కథ ఇది. చెప్పినట్టే రాస్తున్నాను.

ఒక మెట్ట మీద జంతువులన్నీ సంఘం పెట్టుకుని వేరుశనగ పండించేవి. కాయ ఎండిందో లేదో చెప్పడం కుందేలు తాత పని. పొడుగాటి చెవి దగ్గర పెట్టుకుని ఊపేవాడు. గలగలమంటే మొదటి రకం, మూగగా ఉంటే రెండోది. ఏ రకం కాయలు ఆ రకం పాతరలో పోసి పైన మట్టి కప్పేవారు. తొలకరికి అందరికీ అవే విత్తనాలు.

ఇన్నేళ్ళూ మొదటి రకం పాతరలో పడ్డవి ఒక్క ఉడత కాయలే. ఆ ఏడు సంఘంలో కొత్తగా చేరిన పందికొక్కు బస్తా తెచ్చింది. తాత ఒక కాయ ఊపాడు. కళ్ళు మూసుకుని మళ్ళీ ఊపాడు.

"అబ్బ! గజ్జెలు కట్టినట్టుందమ్మా! మొదటి రకం!"

ఉడతకి ఒళ్ళు మండింది. "నా కాయని ఏనాడైనా గజ్జెలన్నావా తాతా?"

"నీది ఎప్పుడూ బాగానే ఉంటుందిగా తల్లీ."

బాగానే ఉంటుందట! ఉడత మూతి ముడుచుకుంది. ఇంతలో పందికొక్కు వచ్చి, "వదినా, మీ పక్కన నా బస్తా పెట్టుకోనా?" అంది.

"పెట్టుకో తల్లీ. గజ్జెలున్నదానివి, నిన్ను కాదనేదెవరు?"

అందరూ తిండికి వెళ్ళారు. ఉడత ఒక్కతే ఆగి, పక్కనున్న చెలమ నీళ్ళలో తోక ముంచి, పందికొక్కు బస్తా అడుగున పిండింది. మళ్ళీ ముంచింది, మళ్ళీ పిండింది. 'పాతర తీసేసరికి బూజు పట్టి ఉంటుంది. అప్పుడు చూస్తా ఈవిడ గజ్జెలు!' అనుకునేసరికి కడుపు చల్లబడింది.

తిండయ్యాక ఎద్దు మామ రెండు బస్తాలూ ఒకే పాతర దగ్గరికి ఈడ్చాడు.

"అదేంటి మామా? ఆవిడది వేరే పాతర కాదూ?"

"మొదటి రకానికి ఎన్ని పాతరలుంటాయే? ఒకటే!"

ఇన్నేళ్ళూ ఆ పాతర తన సొంతమనే అనుకుంది మరి. చూస్తుండగానే ఉడత కాయలు లోపల పడిపోయాయి. వాటి మీద తడి కాయ పడితే ఏడాది కష్టమంతా బూజే, తొలకరికి విత్తనం గింజ కూడా మిగలదు. మామ రెండో బస్తా మూతి విప్పాడు.

"వద్దు మామా, పొయ్యకు! అవి తడి!"

కుందేలు తాత చెవులు నిక్కాయి. "నేను విన్నప్పుడు ఎండే ఉన్నాయే. నువ్వు ఒక్క కాయైనా ఊపలేదు. తడని నీకెలా తెలిసిందమ్మా?"

ఉడత తోకని వెనక్కి దాచుకుంది. అది మాత్రం టపటపా కారుతోంది.

"గెంటెయ్యండి సంఘంలోంచి!" అని మామ రంకె వేశాడు.

"గెంటితే ఆ కాయలెవరు ఎండబెడతారు? నువ్వా?" అన్నాడు తాత.

పందికొక్కు ఉడత వైపు తిరిగి, "కొత్తదాన్ని కదా, మీరు తోడుంటారనుకున్నాను వదినా" అంది, అంతే.

ఒకే పాతరలో పోసుకునేవాళ్ళు పక్కవాళ్ళ కాయ తడిపితే తమ కాయకే చేటు. నేను చెప్పదలచిన నీతి ఇదే.

మర్నాడు తెల్లారకముందే ఉడత కల్లానికి వెళ్ళి పందికొక్కు కాయలన్నీ పలచగా పరిచింది. నీడ పడ్డచోటల్లా ఎండలోకి జరిపింది. ఒక కాయ నాని విచ్చుకుని ఉంది. లోపల గింజ ఎంత నిండుగా ఉందో! ఉడతకి మళ్ళీ ఎక్కడో చురుక్కుమంది. అయినా ఆ గింజని నోట్లో వేసుకోకుండా ఎండ బాగా తగిలే చోట పెట్టి, వాలబోతున్న కాకిని తోలింది.