మట్టి ఏ గుంటది?

సూరాంబమామ్మ దగ్గర కుండల పని నేర్చుకునేవాళ్లు ఏదైనా అడిగితే ఆవిడ నోటితో బదులు చెప్పేది కాదు. చేతికి ఓ పని అందించేది.

ఓ పొద్దున శిష్యురాలు పైడమ్మ తిరగని కుమ్మరి సారె ముందు చేతులు ముడుచుకుని కూర్చుంది. పెళ్లయిన నాటినుంచీ బిడ్డ కోసం మొక్కని దేవుడు లేడు. ఇప్పుడు టౌన్లో డాక్టరమ్మ ఇంజక్షన్లు మొదలుపెడదామంది. పైడమ్మ తల్లి చూస్తే రొమ్ము కేన్సరుతో పోయింది.

"ఆ సూదులు వేయించుకుంటే నాకూ అదే వస్తదని పెద్దమ్మ అంటంది మామ్మా. వేయించుకోనా, మానీనా?"

"మీ పెద్దమ్మా! నా చట్టి కారతందని నడిసంతలో అరిచిన మనిషే కదూ? ఆ రోజు నుంచి దాని గుమ్మం తొక్కలేదు నేను. సరే గాని, మీ అమ్మ సంగతి డాక్టరమ్మకి చెప్పావా?"

"లేదు. చెబితే అసలు వద్దంటదేమోనని..."

మామ్మ గోడవార ఆరిన చట్లు చూపించి, "ఇవి కాల్చడానికి ఆవంలో పేర్చు," అంది.

పైడమ్మ ఓ చట్టిని ఎత్తి చూసింది. "ఇవి చెరువు కింద గుంట మట్టివి! పోయినసారి ఈ మట్టివే కదా మంటలో పగిలిపోయాయి?"

"కాల్చేముందు తడిగుడ్డతో తుడిచావా?"

"లేదు," అంది పైడమ్మ. ఆరిన చట్టిని తడిగుడ్డతో తుడిస్తే, లోపల పగులుంటే నీళ్లు పీల్చుకుని అక్కడ నల్లగా గీత తేలుతుంది. ఆ ఇంట్లో తుడవని చట్టి ఆవం ఎక్కకూడదు.

"గీత కనబడితే నువ్వు విసిరికొడతావని భయపడ్డాను మామ్మా."

మామ్మ గుడ్డ తడిపి ఆమె ఒళ్లో పడేసింది. పైడమ్మ ఒక్కో చట్టినీ ఎత్తి, వెలుతురుకు తిప్పి తుడిచింది. గుంట అదే అయినా దాదాపు దేనికీ గీత తేలలేదు. ఒక్కదానికి మాత్రం అంచు కింద సన్నగా కనబడింది. దాన్ని మామ్మకి చూపించింది. మామ్మ దాన్ని విసిరికొట్టలేదు. రెండు చేతులా అందుకుని నీడన పెట్టి, "దీని సంగతి వేరేగా చూద్దాం," అంది.

సాయంత్రం ఆవం రాజుకుంది. పైడమ్మ చేతులు కడుక్కుంటూ ఊరుకోలేక మళ్లీ కదిపింది. "మామ్మా, నేనడిగినదానికి..."

"పొద్దున్నే బస్సుంది," అంది మామ్మ మంటకేసి చూస్తూ. "డాక్టరమ్మని మంట గురించి తర్వాత అడుగుదువు గాని. ముందు మట్టి ఏ గుంటదో ఆవిడకి చెప్పు."