అంగిలి మీద పూతరేకు

డాక్టర్ కౌండిన్య పెంచిన పొర కుందేళ్ళన్నిటికీ అంటుకుంది. మనిషికి మాత్రం అంటుకోలేదు.

ఆ మనిషి దాలమ్మ. భీమిలి దగ్గర చేపలమ్ముతుంది. కాపురానికి వచ్చిన నాటి నుంచీ అడ్డపొగ తాగింది, అంటే చుట్టని నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చింది. ఆ వేడికి అంగిట్లో పుండు లేచింది. దాన్ని కోసి తీసేశారు. పుండు పోయి చిల్లు మిగిలింది. గంజి తాగితే సగం కడుపులోకి, సగం ముక్కులోకి. ఇదివరకు ఆవిడ గంపలోని చేప పేరుతో "కానాగంతలమ్మా" అని ఒక్క కేక వేస్తే సముద్రం నడిమధ్యన ఉన్న చేపలు కూడా వెనక్కి తిరిగి చూసేవి. ఇప్పుడా కేక ఈలలాగా ముక్కులోంచి జారిపోతోంది.

చిల్లుని పక్క కండతో పూడ్చి, ఆ కండ మీద కొత్త పొర పరచాలి. ఆ పొర పెంచడమే కౌండిన్య విద్య. బుగ్గ లోపలి నుంచి గోరంత ముక్క తీసి, ల్యాబులో గాజు పళ్ళెంలో పెంచి, ఊదితే తేలిపోయేంత పల్చగా చేస్తాడు. ముందు కుందేళ్ళ అంగిళ్ళ మీద ఏడాది పొడుగునా చేసి చూశాడు. ఎంత బాగా అంటుకుందంటే, ఎక్కడ కుట్టాడో కుట్టినవాడికే కనబడలేదు. చివరికి ఆ కుందేళ్ళు అతని చెప్పుల చప్పుడు వినగానే నోళ్ళు తెరుచుకుని వరసలో కూర్చునేవి.

దాలమ్మకి వేసిన పొర వారం తిరక్కుండానే రాలిపోయింది. కింద పూడ్చిన కండ ముడుచుకుని మళ్ళీ చిల్లు పడింది.

ఇక ల్యాబులో మిగిలింది ఒక్క పొర. అదీ ఎక్కువ కాలం బతకదు. అది కూడా పోతే మళ్ళీ ముక్క తీయడానికి పొగ తగలని చోటంటూ దాలమ్మ బుగ్గలో లేదు.

కౌండిన్య తన గురువు పేరిందేవి గారి గదికి వెళ్ళాడు. ఆవిడ కుట్టు వేస్తే, తాను తెగిన సంగతి చర్మానికే గుర్తుండదు. అంతటి సర్జను.

"మేడమ్, కుందేలు చాలదనుకుంటాను. పంది నోరు మనిషి నోటికి దగ్గర. ఒక ఆర్నెల్లు పందుల మీద చేసి చూస్తే..."

"పొర ఆర్నెల్లు ఆగుతుందా?"

"ఆగదు."

"దాలమ్మ ఆగుతుందా?"

అతను దాలమ్మ కేసు షీటు ఆవిడ ముందు పెట్టాడు.

"పొగ మానేసిందా ఆవిడ?"

"మానేసింది మేడమ్. సిస్టర్లు దిండు విప్పి దూది కూడా వెతికారు. చీము లేదు, షుగరు లేదు, రక్తం బాగుంది. పొర అదే, కుట్టు అదే. మరి కుందేలుకీ ఈవిడకీ తేడా ఎక్కడుంది? అదే అర్థం కావడం లేదు."

పేరిందేవి గారు సొరుగు లాగి ఒక అట్టపెట్టె తీశారు. ఆత్రేయపురం పేషెంటు ఎవరో ఇచ్చిన పూతరేకులు. ఒకటి విప్పి, పంచదారంతా దులిపేసి, ఉత్త రేకులోంచి చిన్న ముక్క చింపారు.

"పద, వార్డుకి."

దాలమ్మ మంచం పక్కన అతన్ని స్టూలు మీద కూర్చోబెట్టి, నోరు తెరవమని, ఆ రేకు ముక్కని అంగిలికి అంటించారు.

"నేను రౌండు ముగించి వస్తాను. అప్పటిదాకా ఇది ఇక్కడే ఉండాలి. నాలుక తగలకూడదు, తగలకపోతే కరగదు. దాలమ్మా, కాపలా నువ్వే."

"అలాగేనమ్మా," అంది దాలమ్మ, ముక్కుతో.

కౌండిన్యకి నవ్వొచ్చింది. పొద్దున్న ఆపరేషనుకి నిలబడితే దీపాలు పెట్టేదాకా ముక్కు దురద పెట్టినా గోక్కోని మనిషి అతను. బియ్యపు రేకు ఏపాటిది?

మొదట రేకు రేకులాగే ఉంది. కాసేపటికి తాటాకంత అయింది. ఆ తరవాత నోట్లో ఎవరో తెరచాప ఎత్తినట్టయింది.

"దవడ కదుల్తంది బాబూ," అంది దాలమ్మ.

అతను లేదన్నట్టు తల ఊపాడు.

"గుటకేసినావు."

అదీ లేదన్నట్టు ఊపాడు.

రేకు అంచు ఎక్కడిదాకా ఉందో చూసి వచ్చేద్దామని నాలుక ఒక్కసారి పైకి వెళ్ళింది. అంచు కొంచెం లేచినట్టుంది. లేచిందో లేదో తేల్చుకుందామని మళ్ళీ వెళ్ళింది. మూడోసారి వెళ్ళేసరికి అక్కడేమీ లేదు.

దాలమ్మ పమిట అడ్డం పెట్టుకుని మంచం కిర్రుమనేట్టు నవ్వింది.

"నానూ అంతే బాబూ. మొన్న నువ్వేసినకాడ నున్నగా, కొత్తగా ఉండీది. తగలకూడదనే అనుకునీదాన్ని. ఉందా, ఊడిపోనాదా అని నాలిక అదే ఎల్లిపోయీది. పగలూ రేత్రీ కాపలా కాసినాను."

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"పొగ తాగినావా అని అడిగినావు. నాలిక ఊసు నువ్వు అడగనేదు కదా."

పేరిందేవి గారు తిరిగొచ్చి, టార్చి వేసి అతని నోట్లోకి చూశారు. అంగిలి ఖాళీ. టార్చి ఆర్పేశారు.

కౌండిన్య స్టూలు మీంచి లేచాడు.

"పందులు వద్దు మేడమ్," అన్నాడు చివరికి. "పళ్ళ డాక్టరు గారిని పిలుస్తాను. ఈవిడ అంగిలికి అచ్చు తీసి గట్టి కప్పు చేయిద్దాం. చిల్లు మళ్ళీ పూడ్చి, ఉన్న పొర పరిచి, దాని మీద ఈ కప్పు బిగిద్దాం. పొర పట్టుకునేదాకా నాలుకకి అందకుండా ఉంటుంది."

ఆవిడ తల పంకించి బయల్దేరారు. అతను వెనకాలే నడిచాడు. వార్డు గుమ్మం దాకా వచ్చాక ఉండబట్టలేకపోయాడు.

"కుందేళ్ళకి ఏ కప్పూ పెట్టలేదు కదా మేడమ్. వాటికీ నాలుక ఉంది. మరి అవెలా ఊరుకున్నాయి?"

"కుందేలు నయం కావాలని ఎదురుచూడదు నాయనా," అన్నారు ఆవిడ.