పీకని కానుగ మొక్క

అనగనగా ఒక అడవి, ఆ అడవిలో ఒక హైస్కూలు. అవునర్రా, జంతువులకే! అందులో తొమ్మిదో తరగతి చదివే పందికొక్కు పిల్ల పేరు పైడమ్మ. గొయ్యి తవ్వడంలో దాన్ని మించినవాళ్లు ఆ బళ్లో లేరు.

ఏటా తొలకరి పడగానే బళ్లో మొక్కల పండగ జరిగేది. ముఖ్య అతిథి ఏనుగు గజేంద్రరావు గారు వచ్చి, దండ వేయించుకుని, తొండంతో ఒక మొక్క నాటేవారు. తరగతికో వరస గోతులు ఉండేవి. తమ వరసంతా కొత్త మొక్కలతో ముందుగా నింపిన తరగతికి షీల్డు. పైడమ్మ పుణ్యమా అని అది ఏటా వాళ్ల తరగతికే వచ్చేది.

వేసవికల్లా మొక్కలన్నీ ఎండిపోయేవి. మరుసటేడు మళ్లీ అవే గోతుల్లో కొత్తవి! ఎవరికీ సిగ్గనిపించేది కాదు. పర్యావరణం మీద వ్యాసం రాయమంటే మాత్రం కాగితాలు చాలేవి కావు మహానుభావులకు.

ఆ ఏడు కూడా పైడమ్మ ఎండు పుల్లలు పీకుతూ, గోతులు తవ్వుతూ వెళ్తోంది. ఒక పుల్ల మొదట్లో పచ్చగా ఏదో కనిపించింది. కానుగ చిగురు! పోయినేడు ఏనుగు గారు వాళ్ల వరసలో నాటిన మొక్క అది. పట్టించుకున్న నాథుడు లేకపోయినా ప్రాణం ఉగ్గబట్టుకుని బతికే ఉంది.

"ఇది బతికుంది. దీన్ని నేను పీకను" అంది.

ముందు దాని ప్రాణస్నేహితురాలు, నెమలి పిల్ల మయూఖ పరుగున వచ్చింది. "ఏమే, అందులో కొత్త మొక్క పెట్టకపోతే షీల్డు ఎనిమిదో తరగతివాళ్లు ఎగరేసుకుపోతారే!"

"పోనీవే" అంది పైడమ్మ.

తర్వాత క్లాసు లీడరు కోతి గెంతుకుంటూ వచ్చాడు. "నీ ఒక్కదాని మొండితనానికి మన తరగతి పరువు పోవాలా?"

"బతికున్నదాన్ని పీకితే పరువు నిలుస్తుందా?" అని అడిగింది పైడమ్మ.

చివరికి ఎలుగుబంటి మాస్టారు వచ్చారు. "అమ్మా పైడమ్మా, అతిథి గారు వచ్చే వేళయింది. పీకెయ్యమ్మా."

"మాస్టారూ, తిట్టండి, ఎండలో నిలబెట్టండి. ఇది మాత్రం నా చేత కాదండి."

మాస్టారు ఆ చిగురు వంక కాసేపు చూశారు. వెనక్కి తిరిగి వెళ్లిపోయారు.

షీల్డు పోయింది. తరగతిలో ఎవరూ పైడమ్మతో మాట్లాడలేదు. మయూఖ కూడా వేరే బెంచీకి మారింది. పైడమ్మ కుళ్లి కుళ్లి ఏడ్చింది. అయినా మర్నాడు, మధ్యాహ్న భోజనం అయ్యాక అందరూ చేతులు కడుక్కునే చోటు నుంచి మొక్క దాకా చిన్న కాలువ తవ్వింది. రోజూ వృథాగా పోయే నీళ్లు మొక్క మొదట్లోకి చేరాయి.

వేసవి ఎండలు మొదలవగానే పైడమ్మకు జ్వరం వచ్చింది. తగ్గీ తగ్గకముందే, మొక్క ఏమైపోయిందోనని గుండెలు అరచేత పట్టుకుని బడికి పరుగెత్తింది. కాలువలో మట్టి పూడింది. ఆ మట్టిని మయూఖ కాలితో గీరి తీస్తోంది.

"నీకోసం కాదే, మొక్క కోసం" అంది మయూఖ, మూతి తిప్పుకుంటూ.

"అంతకన్నా నాకేం కావాలే!" అంది పైడమ్మ. ఇద్దరూ కలిసి మట్టి తీశారు. వాళ్లను చూసి మర్నాడు కోతి వచ్చాడు. వారం తిరక్కుండా తరగతంతా, సెలవుల్లో కూడా మొక్కకు నీళ్లు పోసేందుకు వంతులు వేసుకుంది.

మళ్లీ తొలకరి పడింది. ఈసారి పుల్లలు పీకకముందే ఏనుగు గారు వచ్చేశారు. ఎటు చూసినా ఎండు పుల్లలే. మధ్యలో ఎలుగు మాస్టారి భుజం దాకా ఎదిగిన కానుగ!

"భేష్! ఇదెవరు నాటారు?" అన్నారాయన.

"తమరేనండి" అంది పైడమ్మ. "మేం పీకకుండా కాపాడుకున్నాం."

ఏనుగు గారి చెవులు వాలిపోయాయి. "మరి ఇన్నేళ్లూ నేను నాటినవన్నీ ఏమైనట్టు?"

అందరూ ఆ ఎండు పుల్లల వంక చూశారు. తన చేత నాటించడానికి తెచ్చిన కొత్త మొక్కను ఆయన వద్దన్నారు. బిందెడు నీళ్లు తెప్పించుకుని, తొండంతో కానుగ మొదట్లో మెల్లగా పోశారు. "ఇకమీదట బతికున్న మొక్కలకే షీల్డు" అని, దాన్ని పైడమ్మ చేతికిచ్చారు.

పైడమ్మ ఒక్కతే పట్టుకోలేదు. తరగతినంతా పిలిచింది. అందరూ కలిసి షీల్డు పైకెత్తుతుంటే, ఎలుగు మాస్టారు ఛాతీ విరుచుకుని, "మా పిల్లలండీ!" అన్నారు ఏనుగు గారితో.

నీతి: మొక్క నాటడం ఒక్క పూట పని, దాన్ని బతికించుకున్నవారికే గర్వపడే హక్కు.