నికాండ్రు దేవుడికి గూట్లో చోటు

అనగనగా, ఓడ దిగి కొండెక్కితే గానీ కనబడని ఒక ఊరు. రోము రాజుల కాలం. దారెటు అని నన్నడక్కు బుజ్జీ, నేను సంతకి పోయి మన ఇంటికే దారి తప్పే మనిషిని.

ఆ ఊరికి నికాండ్రు అనే ఆయన వచ్చాడు. బట్టతల, బొజ్జ, చేతిలో సూది. సముద్రం ఒడ్డున తెరచాపలు కుట్టుకునేవాడు. యేసు ప్రభువు మాట కొండమీద వాళ్ళకి చెప్పి రమ్మని అక్కడి పెద్దలు పంపారు. "రెండు చలికాలాలు చూడు. ఒక్కరన్నా నమ్మకపోతే ఓడెక్కి వచ్చెయ్" అన్నారు. కొండమీద తెరచాపలెవరికి కావాలి? ధాన్యం సంచులకి అతుకులేసుకుంటూ, మెలిత్త అనే అవ్వ గొడ్లచావిట్లో కాపురం పెట్టాడు.

అవ్వ ఇంటి గోడలో ఒక గూడు. గూటినిండా మట్టి దేవుళ్ళు. పొయ్యికొకడు, గాదెకొకడు, గుమ్మానికొకడు, ఉరుములకొకడు.

నికాండ్రు మొదట ఏం చెప్పాడంటే, "అవ్వా, భూమినీ ఆకాశాన్నీ చేసింది ఒక్కడే దేవుడు."

"ఒక్కడేనా! ఎంత అలిసిపోయాడో పాపం" అంది అవ్వ. గాదె దేవుణ్ణి ఇటు జరిపి, ఉరుముల దేవుణ్ణి అటు జరిపి, మధ్యలో చోటు చేసింది. "తీసుకురా నాయనా మీవాణ్ణి. ఇరుకైనా సర్దుకుంటారు."

నికాండ్రు జుట్టు పీక్కుందామనుకున్నాడు. పీక్కోడానికి లేదుగా, ఉత్త తలే పట్టుకున్నాడు.

ఆ తర్వాత, "ఆయన నైవేద్యాలు తినడవ్వా" అని చెప్పాడు.

అవ్వ నొచ్చుకుంది. "తినడా? ఒంట్లో బాగాలేదేమో!" వెంటనే జీలకర్ర వేసి, పల్చగా జావ కాచి గూట్లో పెట్టింది.

ఆ తర్వాత, "ఆయనకి బొమ్మ ఉండదు, కంటికి కనపడడు" అని చెప్పాడు.

"ఆ మాట ముందే చెప్పొద్దూ!" అని అవ్వ ఆ ఖాళీ చోటుని శుభ్రంగా తుడిచింది. రోజూ ఆ ఖాళీకే పువ్వు పెట్టి దణ్ణం పెట్టుకునేది. ఎవరన్నా గూటి దగ్గరికొస్తే, "చూసుకోండి, ఆయనక్కడే ఉన్నాడు, చెయ్యి తగులుతుంది" అనేది.

నికాండ్రుకి ఏడుపొచ్చినంత పనైంది. తిడితే వాదించొచ్చు. రాళ్ళేస్తే పరిగెత్తొచ్చు. అన్నిటికీ "అలాగే నాయనా" అనేవాళ్ళని ఏం చెయ్యను ప్రభువా, అని చావిట్లో కూర్చుని మొరపెట్టుకునేవాడు. పక్కనున్న ఆవు కూడా అలాగేనన్నట్టు తలూపేది.

రెండో చలికాలమూ అయిపోయింది. నమ్మినవాళ్ళు ఒక్కరూ లేరు. నికాండ్రు మూట కట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే అవ్వకి జ్వరం తగిలింది.

ఆ ఊరి పద్ధతి ఏంటంటే, జ్వరమొచ్చిన ఇంటి గుమ్మానికి పచ్చికొమ్మ కడతారు. ఆకులు ఎండి రాలేదాకా ఎవరూ ఆ గడప తొక్కరు. బతికితే వాళ్ళే బయటికొస్తారని.

నికాండ్రుకి ఒళ్ళు మండింది. "ఇవాళే రావాలా ఈ జ్వరం? నేను ఓడెక్కాక రాకూడదూ?" అని వీధి చివరిదాకా వెళ్ళాడు. తిట్టుకుంటూ వెనక్కొచ్చాడు. మళ్ళీ వెళ్ళాడు, మళ్ళీ వచ్చాడు. మూడోసారి ఇక విసుగొచ్చి, కొమ్మ కింద నుంచి వంగి లోపలికి దూరాడు.

నీళ్ళు మోశాడు. నుదుటి మీద తడిగుడ్డ వేశాడు. జావ కాచి మాడగొట్టి, మళ్ళీ కాచాడు. అలా చెయ్యగా చెయ్యగా అవ్వ లేచి కూర్చుంది.

లేచి ఏం చేసిందనుకున్నావు? నికాండ్రు బావి నుంచి వచ్చేసరికి, గూట్లో ఆ ఖాళీ చోట కొత్త బొమ్మ! బట్టతల, బొజ్జ, చేతిలో సూది.

"అవ్వా! నేను మనిషినే అవ్వా! నాకు కోపమొస్తుంది!"

"మా ఉరుముల దేవుడికి రాదూ?"

"నీకు తెలీకుండా నీ జున్ను తిన్నాను!"

"మా దారుల దేవుడు పుట్టిన నాడే ఇంకో దేవుడి ఆవుల్ని దొంగతనంగా తోలుకుపోయాడు. జున్నెంత!"

"నిన్నొదిలి పారిపోదామనుకున్నాను!"

"మా దేవుళ్ళు నిజంగానే పారిపోతారయ్యా. నువ్వు వాళ్ళకంటే నయం."

నికాండ్రు నేలమీద కూలబడ్డాడు. వాదించే ఓపిక లేదు. "ఆ కొమ్మ దాటి లోపలికి రావడం నాకిష్టం లేదవ్వా. వెళ్ళమని మా ప్రభువు చెప్పాడు. సణుక్కుంటూనే వచ్చాను."

"సణుక్కుంటూ చేసినా ఒప్పుకుంటాడా మీ ఆయన?"

"ఇంతవరకూ నన్ను పొమ్మనలేదు."

అవ్వ బొమ్మ వంక చూసింది, నికాండ్రు వంక చూసింది. ఆ ఊళ్ళో ఒక మనిషి ఆయనతో "అలాగే నాయనా" అనకుండా ఊరుకోవడం అదే మొదలు.

మర్నాడు పక్కింటి తియానో గుమ్మానికి కొమ్మ కట్టారు. మేకలు తోటలో పడ్డాయన్న తగువుతో ఆవిడకీ మన అవ్వకీ ఏళ్ళ తరబడి మాటల్లేవు.

అప్పుడే నికాండ్రు మూట భుజానేసుకుని వీధిలోకి వచ్చాడు. చూస్తే ఏముంది! మెలిత్త అవ్వ జావగిన్నె పట్టుకుని తియానో ఇంటికేసి తూలుకుంటూ పోతోంది. "దాని మొహం చూడనని ఒట్టేసుకున్నాను. ఈ వయసులో నాకెందుకీ పాట్లు? ఆయనెవరో చెప్పాడట, నేను చెయ్యాలట!" అని గొణుగుతూనే కొమ్మ కింద వంగింది.

"అవ్వా, నీకింకా కాళ్ళు నిలవట్లేదు!" అని అరిచాడు నికాండ్రు.

"అయితే నిలబడి చూస్తావేం? ఆ మూటేంటి, ఊరేగుతున్నావా? బిందె తీసుకుని బావికి పో!"

నికాండ్రు మూట అక్కడే పడేసి పరిగెత్తాడు. ఓడ దాని దారిన అది పోయింది. ఆ రోజంతా ఆయన దేవుడి గురించి ఒక్క ముక్కా చెప్పలేదు. అవ్వ తీరికిస్తేగా!

కథేమో కంచి దారి పట్టింది,
బుజ్జికేమో ఆవులింత పుట్టింది;
ఓడేమో ఒడ్డొదిలి పోయింది,
మన మంచం మనింట్లోనే ఉండిపోయింది.