ఖాళీ తొట్టికి మేత

భీమిలి దగ్గర, సముద్రానికి ఎదురుగా ఉన్న గుట్ట మీద ఒక చిన్న బౌద్ధ విహారం ఉంది. అక్కడ రేవత భంతే అనే పెద్ద భిక్షువు దగ్గర శిష్యుడిగా ఉన్న శోభితుడికి ఒక గాజు తొట్టి పెద్ద కష్టం తెచ్చిపెట్టింది. ఇంకో పన్నెండు రోజుల్లో ఆ తొట్టిలోకి ఒక చేప రావాలి. తొట్టిలో నీళ్ళు చూస్తే ఇంకా విషంగానే ఉన్నాయి.

ఆ చేప ఎర్రినాయుడిది. నాయుడు లైట్‌హౌస్‌లో ఉద్యోగి. అతనికి అండమాన్ బదిలీ అయింది. తొమ్మిదేళ్ళుగా బంగారి అని పిలుచుకుంటూ పెంచుకుంటున్న గోల్డ్‌ఫిష్‌ను ఓడలో తీసుకెళ్ళే ధైర్యం లేక, "మీకాడైతే అది సల్లగా బతుకుతాది భంతే" అని దండం పెట్టి అడిగాడు. అడిగిన రోజే కొత్త తొట్టి, గాలి మోటారు తెచ్చి పెట్టాడు. తన పాత తొట్టిలోని స్పాంజి ఒకటి కవర్లో వేసి ఇచ్చాడు. నల్లగా, జిగురు జిగురుగా ఉంది.

"దీన్ని ఇందులో ఎయ్యండి సామీ. రోజూ సిటికెడు మేత కూడా ఎయ్యండి" అన్నాడు.

"చేపే లేకపోతే మేత ఎవరికి?" అని శోభితుడు నవ్వాడు. ఇంతలో బస్సు వచ్చేసింది. నాయుడు జవాబు చెప్పకుండానే పరుగెత్తాడు.

శోభితుడికి శుభ్రత పిచ్చి. అతను తుడిచిన నేల మీద ముఖం చూసుకోవచ్చని ఊళ్ళో చెప్పుకుంటారు. ఆ మాట అతని చెవిన పడింది కూడా, అదే వచ్చిన చిక్కు. స్పాంజిని సబ్బు పెట్టి మూడుసార్లు కడిగి, ఎండలో ఆరబెట్టి, పసుపు పచ్చగా మెరిశాక తొట్టిలో వేశాడు. మేత మాత్రం చెప్పినట్టే వేశాడు. నీళ్ళు కాస్త మబ్బుగా కనిపిస్తే చాలు, పారబోసి కుళాయి నీళ్ళు నింపాడు. మూడు వారాలు అదే పని. తొట్టి అద్దంలా ఉంది. విషం కనిపెట్టడానికి నాయుడు ఇచ్చిన చుక్కల మందును చిన్న సీసాలో కాసిని నీళ్ళకు కలిపి చూస్తే మాత్రం అవి రోజూ ఆకుపచ్చగా మారేవి. ఆకుపచ్చ అంటే విషం. పసుపు రంగు వస్తేనే చేపకు క్షేమం.

ఆఖరికి విశాఖపట్నం వెళ్ళి చేపలు అమ్మేవాణ్ణి అడిగాడు. వాడు ఒక్క నిమిషంలో తేల్చేశాడు. నాలుగు చవక చేపల్ని ముందు దింపితే నీళ్ళు కుదురుకుంటాయి, అవి పోతే పోతాయి, తర్వాత మంచి చేపను దింపుకోవచ్చు అన్నాడు.

శోభితుడు సంచిలో నాలుగు చిన్న చేపలతో గుట్ట ఎక్కాడు.

రేవత భంతే ఆ సంచిని వెలుతురుకి ఎత్తి చూశాడు. ఒక్కటీ వేలెడంత లేదు.

"ఇవి ఎందుకు?"

"ముందు వీటిని వేస్తాను భంతే. ఇవి బతికితే నాయుడి చేపను వెయ్యొచ్చు."

"బతక్కపోతే?"

చవకవే కదా అనబోయి శోభితుడు ఆగిపోయాడు. ప్రాణి హింస చేయనని ఆ పొద్దుటే అందరితో పాటు గొంతెత్తి చదివాడు.

భంతే కోప్పడలేదు. ఒక గ్లాసు తెచ్చి తొట్టిలో ముంచి, నిండా నీళ్ళతో శిష్యుడి చేతిలో పెట్టాడు.

"తాగు."

"ఇందులో విషం ఉంది భంతే."

"ముందు నువ్వు తాగు. నువ్వు బతికితే వాటిని వేద్దాం."

గ్లాసు పట్టుకుని శోభితుడు తల దించుకున్నాడు. భంతే ఆ గ్లాసు తీసుకుని నీళ్ళు మొక్కకు పోశాడు.

"నాయుడి ఇంటికి వెళ్ళు. వీటికి చోటుందేమో అడుగు" అన్నాడు.

ఎండలో నాలుగు కిలోమీటర్లు. సంచి వేడెక్కకుండా పైన తడిగుడ్డ కప్పుకుని నడిచాడు. నాయుడి ఇంట్లో పాత తొట్టిని చూడగానే శోభితుడి చేతులు గుడ్డ కోసం వెతుక్కున్నాయి. అద్దం నిండా పచ్చటి మరకలు, రాళ్ళ మీద నాచు, నీళ్ళు పలచటి టీ రంగులో ఉన్నాయి. మధ్యలో అరచెయ్యంత ఎర్ర చేప, ఇల్లంతా తనదే అన్నట్టు తిరుగుతోంది. సంచిని కాసేపు నీళ్ళలో తేలనిచ్చి, నాయుడు ఆ నాలుగింటినీ వదిలాడు. పావుగంటలో అవి మేత వెతుక్కోవడం మొదలుపెట్టాయి.

"ఇంత మురికిలో ఎలా బతుకుతున్నాయి?"

"మురికేటి సామీ? నానిచ్చిన స్పాంజి ఏటి సేసినారు?"

"సబ్బుతో కడిగాను."

నాయుడు నెత్తిన చెయ్యి పెట్టుకుని కూలబడ్డాడు. "ఆ జిగురులో కంటికానని పురుగులుంటాయి సామీ. సేప ఒదిలిన విసం, మేత కుళ్ళిన విసం అయ్యే తినీస్తాయి. ఆటి కోసరమే మేత ఎయ్యమన్నాను. మీరేమో ఆటిని సంపీసి, నీళ్ళు పారబోసీసి..." చేప వైపు చూశాడు. "పన్నెండు రోజులే ఉన్నాది. నా బంగారి బతకదేటి?"

చంపెయ్యడం అన్న మాట శోభితుడికి సూటిగా తగిలింది. సబ్బు నురగలో ఎన్ని ప్రాణాలు పోయాయో లెక్క కూడా లేదు. అదంతా శుభ్రత అనుకుని మురిసిపోయాడు.

"ఇంకోటి ఇస్తావా నాయుడూ? ఈసారి కడగను."

నాయుడు తొట్టిలోని పెద్ద స్పాంజిని బ్లేడుతో సగానికి కోశాడు. సగం తన చేపకు ఉంచి, మిగతా సగం అదే నీళ్ళతో బకెట్లో వేసి ఇచ్చాడు.

విహారానికి చేరి, శోభితుడు తొట్టి ఖాళీ చేసి, ముందు రోజు పట్టి ఉంచడంతో క్లోరిన్ పోయిన డ్రమ్ములోని నీళ్ళు నింపాడు. కళ్ళు మూసుకుని స్పాంజిని అందులో పిండాడు. మట్టి రంగు మబ్బు తొట్టంతా కమ్మేసింది. చూడలేక పక్కకు తిరిగితే, భంతే వంగి తొట్టిలోకి చూస్తున్నాడు.

"బాగుంది" అన్నాడు భంతే.

మర్నాటి నుంచి శోభితుడు తన భిక్షాపాత్ర ముట్టే ముందు ఖాళీ తొట్టికి చిటికెడు మేత వేసేవాడు. చూడ్డానికి వచ్చినవాళ్ళు నవ్వేవారు. "చేపలేవి సామీ? మేత ఎవరికి?" అంటే, "ఉన్నవాళ్ళకి" అనేవాడు. చేతులు ఊరుకోక వసారా రోజుకు రెండుసార్లు కడిగాడు. తొట్టి మాత్రం ముట్టలేదు. నాలుగో రోజుకి మబ్బు దానంతటదే తేరుకుంది. ఏడో రోజు మందు చుక్క లేత ఆకుపచ్చకు దిగింది. పదో రోజు పసుపు. నమ్మకం కుదరక పదకొండో రోజూ, పన్నెండో రోజూ చూశాడు. రెండుసార్లూ పసుపే.

ఆ పన్నెండో రోజు పొద్దున ఎనిమిదింటికి నాయుడు అయిదు చేపల్నీ తెచ్చి దింపాడు. చిన్నవి నాలుగూ వెంటనే తిరగడం మొదలెట్టాయి. బంగారి మాత్రం రాయి చాటుకు పోయి అడుగున పడింది. మేత వేస్తే కన్నెత్తి చూడలేదు. పది అయింది. పదకొండు అయింది. నీళ్ళు మార్చెయ్యాలని శోభితుడి చేతులు ఒకటే పీకుతుంటే వాటిని వెనక్కి కట్టుకుని కూర్చున్నాడు. భోజనం గంట మోగింది. మధ్యాహ్నం దాటాక విహారంలో ఎవరూ తినరు. అయినా అతను లేవలేదు.

పన్నెండున్నరకు హార్బరుకు వెళ్ళే జీపు హారన్ కొట్టింది. నాయుడు లేచి అద్దం మీద చెయ్యి ఆనించాడు. "ఎల్లొత్తానే బంగారీ" అన్నాడు.

శోభితుడు ఇంకొక్క చిటికెడు వేశాడు.

బంగారి రాయి చాటు నుంచి తిరిగింది. మెల్లగా పైకి వచ్చి, నోరు తెరిచి ఒక పలుకు అందుకుంది. ఇంకొకటి అందుకుంది. తర్వాత చిన్నవాటిని నాలుగు వైపులా తరిమి వాటి వాటా కూడా లాక్కుంది.

"అద్గదీ. అదీ నా బంగారి" అంటూ నాయుడు ఏడుస్తూనే నవ్వాడు. మలుపు తిరిగేదాకా జీపులోంచి సగం బయటికి వంగి చెయ్యి ఊపుతూనే ఉన్నాడు.

విహారంలో ఎవరూ పరుగెత్తరు. శోభితుడు పరుగెత్తాడు.

"తింది భంతే. తింది. ఒక్కటి కూడా చావలేదు."

ధ్యానంలో ఉన్న భంతే కళ్ళు తెరిచాడు.

"నువ్వు తిన్నావా?"

శోభితుడు బయట ఎండ వైపు చూశాడు. ఇక రేపటిదాకా ముద్ద లేదు. అయినా నవ్వు ఆగలేదు.

"లేదు భంతే."

"నిన్ను చూస్తే తిననట్టు లేదే" అన్నాడు భంతే.