మలుపులో బరువు

ప్రమాదం తర్వాత నిశాంత్ సులేమాన్ మాస్టారి దగ్గరికి వచ్చేసరికి వానాకాలం వెళ్లిపోయింది. వచ్చినవాడు కూర్చోకుండానే అడిగాడు.

"మాస్టారూ, ఇంజను బలం నాలుగు చక్రాలకీ అందే కారు తీసుకుందామనుకుంటున్నాను. ఆ రోజు అలాంటి కారే ఉంటే అలా జరిగేది కాదు కదా?"

మాస్టారు ఒకప్పుడు ఘాట్ రోడ్ల మీద కారు పోటీలు గెలిచినవారు. వయసు మీద పడ్డాక విశాఖ ఊరి చివర ఒక షెడ్డు పెట్టుకుని, ఆ పోటీల్లో దిగాలనుకునే కుర్రాళ్లకి నేర్పుతున్నారు. నిశాంత్ చాలా కాలం ఆయన దగ్గరే నేర్చుకున్నాడు.

మొదట్లో అతను నడిపింది చిన్న కారు. తేలికగా ఉండేది. ముందు చక్రాలే దాన్ని లాక్కెళ్లేవి. మలుపులో తొందరపడితే కారు ముందు భాగం బయటికి జారేది. యాక్సిలరేటర్ మీంచి కాలు కొంచెం తీస్తే మళ్లీ దారికొచ్చేది. చేసిన తప్పుని అది ఓపిగ్గా భరించేది. దాంతోనే నిశాంత్ పోటీలు గెలిచాడు. గెలిచాక అది చాలదనిపించింది.

భీమవరంలో చేపల చెరువులు చూసుకునే తండ్రిని ఒప్పించి పెద్ద కారు తెప్పించుకున్నాడు. మూడువందల యాభై హార్స్‌పవర్. పాతదానికంటే ఎంతో బరువు. దీన్ని నడిపించేవి వెనక చక్రాలు. తిన్నటి రోడ్డు మీద బాణంలా పోయేది. మాస్టారు దాన్ని ఒకసారి నడిపి చూసి, ఓ ఏడాది పాటు ఖాళీ మైదానంలోనే తిప్పమన్నారు. నిశాంత్ తలూపాడు. ఆ వానాకాలమే పోటీకి పేరిచ్చాడు.

పక్క సీట్లో జోగినాయుడు కూర్చున్నాడు. చోడవరం కుర్రాడు, నిశాంత్‌కి స్నేహితుడు. రాబోయే మలుపు ఎటు తిరుగుతుందో, ఎంత బిగుతుగా ఉంటుందో ముందే రాసుకున్న కాగితం చదివి చెప్పడం అతని పని. పోటీ కోసం కాఫీ తోటల మధ్య ఘాట్ రోడ్డు మూసేశారు. తడిసిన ఒక కుడి మలుపు దగ్గర జోగి, "నెమ్మది" అన్నాడు. ఆ మాట నిశాంత్‌కి వినిపించింది. అయినా మలుపు పూర్తి కాకముందే యాక్సిలరేటర్ తొక్కాడు. వెనక చక్రాలు పట్టు వదిలేశాయి. కారు వెనక భాగం ఎడమకి విసురుగా తిరిగింది. ఎడమవైపు కొండరాయి ఉంది. జోగి కూర్చున్నదీ ఆ వైపే.

నిశాంత్‌కి మోచెయ్యి గీసుకుపోయింది. జోగికి తుంటి ఎముక, తొడ ఎముక విరిగాయి, కాలి నరం దెబ్బతింది.

నిశాంత్ ఆస్పత్రికి ఒక్కసారే వెళ్లాడు. అప్పుడు జోగికి స్పృహ లేదు. స్పృహ వచ్చిందని తెలిశాక మళ్లీ వెళ్లలేకపోయాడు. ఫోన్ చేద్దామని నంబరు తీసేవాడు, కాసేపు చూసి పక్కన పెట్టేసేవాడు. ఇంట్లో కూర్చుని కార్ల గురించి చదివాడు. ఇంజను ముందుంటే బరువు ఎక్కడ పడుతుంది, మధ్యలో ఉంటే ఏమవుతుంది, బలం ఏ చక్రాలకి వెళ్తే కారు ఎటు జారుతుంది, ఇదే చదువు.

ఇప్పుడు అదంతా మాస్టారికి చెప్పాడు. ఆయన అడ్డురాకుండా విన్నారు. నువ్వు చెప్పినదాంట్లో తప్పేమీ లేదన్నారు. నాలుగు చక్రాలకీ బలం అందితే కారు బాగానే బయల్దేరుతుందనీ, ఆగాల్సి వచ్చినప్పుడు మాత్రం దాని బరువంతా నడిపేవాడే ఆపుకోవాలనీ చెప్పారు.

"మరి ఆ రోజు అదే ఉండుంటే?" అని నిశాంత్ మళ్లీ అడిగాడు.

మాస్టారు లేచారు. గోడకున్న తాళంచెవి తీసుకుని, బయల్దేరమన్నారు. తనే కారు నడిపారు.

ఆగింది కొండవాలు మీద ఉన్న ఒక ఆస్పత్రి ముందు. దెబ్బలు తిన్నవాళ్లకి మళ్లీ నడక నేర్పే చోటు అది. నిశాంత్ కారులోనే ఉండిపోయాడు. మాస్టారు వెనక్కి తిరిగి చూడకుండా లోపలికి వెళ్లిపోయారు. కాసేపటికి అతనూ వెళ్లాడు.

జోగి చక్రాల కుర్చీలో ఉన్నాడు. చిక్కిపోయాడు. ఒక కాలు ముందుకి చాపి, పట్టీలతో కట్టి ఉంది. నిశాంత్‌ని చూసి, "వచ్చావేటి" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. ఉండుంటే బాగుండునని నిశాంత్‌కి అనిపించింది.

జోగిని బయటికి తీసుకెళ్లడానికి మాస్టారు నర్సుని అడిగి ఒప్పించారు. కింద తోటలోకి వెళ్లడానికి సిమెంటు ర్యాంపు ఉంది. వాలుగా దిగి, గోడ దగ్గర మలుపు తిరిగి, మళ్లీ దిగి, ఇంకో మలుపు తిరుగుతుంది. కుర్చీ వెనక పిడులు చూపిస్తూ ఆయన నిశాంత్‌తో అన్నారు.

"బలం నీ దగ్గర ఉంది. బరువు ఇదిగో. తోటలోకి తీసుకెళ్లు."

దిగుతుంటే కుర్చీ దానంతటదే ముందుకి గుంజింది. నిశాంత్ చేతులు బిగించాడు. మలుపు అనుకున్నదానికంటే ముందే వచ్చేసింది. కుర్చీ తిరగకపోతుంటే పిడుల్ని గట్టిగా నెట్టాడు. కుర్చీ వెనక భాగం ఒక్కసారిగా పక్కకి తిరిగింది. చాపి ఉన్న కాలు గోడ వైపు దూసుకుపోయింది. ఒళ్లంతా వెనక్కి వేసి ఆపాడు. కాలికీ గోడకీ మధ్య జానెడు జాగా మిగిలింది.

జోగి రెండు చేతులతో కుర్చీని పట్టుకున్నాడు. వేళ్ల కణుపులు తెల్లబడ్డాయి.

ఆ రోజు కారులో నిశాంత్ కళ్లు రోడ్డు మీద ఉన్నాయి. పక్కవాడి చేతులు ఎలా ఉన్నాయో చూడలేదు. ఇప్పుడు చూశాడు.

ఇంకెవరైనా వచ్చి పట్టుకుంటే బాగుండునని పైకి చూశాడు. మాస్టారు ర్యాంపు మొదట్లోనే నిలబడి ఉన్నారు. కదల్లేదు.

కొంతసేపటికి జోగి వేళ్లు వదులయ్యాయి. తల తిప్పకుండానే అన్నాడు.

"ముందు ఎడమ మలుపురా. బిగుతుగా ఉంది. ఇప్పటినుంచే ఆపుకో."

నిశాంత్ ఆపుకున్నాడు. వాలు తిన్నగా ఉండగానే వేగమంతా తీసేశాడు. ముందుకి తూలిన బరువు కుదురుకునేదాకా ఆగాడు. అప్పుడు తిప్పాడు. చేతులతో నెట్టలేదు, ఊరికే పట్టుకున్నాడు. ముందున్న చిన్న చక్రాలు తోట వైపు తిన్నగా తిరిగాయని చూసుకున్నాక, అప్పుడు మెల్లగా తోశాడు.

తోటలో నందివర్ధనం మొక్కల పక్కన కుర్చీ ఆపి ముందుకొచ్చాడు. "జోగీ" అన్నాడు. నేల మీద కూర్చుండిపోయాడు. జోగి అతని తల మీద చెయ్యి వేసి, మొన్నటినుంచి కాలి వేళ్లు కదుల్తున్నాయని చెప్పాడు. మళ్లీ నడుస్తావని డాక్టరుగారు అంటున్నారట. కుంటుతూనే కావచ్చు.

మాస్టారు ర్యాంపు పక్కనున్న కమ్మీ పట్టుకుని నెమ్మదిగా దిగివచ్చారు. నిశాంత్ కళ్లు తుడుచుకుని లేచాడు. ఆయన్ని అడిగాడు.

"మాస్టారూ, నేను మళ్లీ నడపొచ్చంటారా?"

"ఇప్పుడు చేసిందేమిటి?" అన్నారు మాస్టారు.

నిశాంత్ వంగి, జోగి కాలు సరిగా ఆనుకుందో లేదో చూసి, కుర్చీని పైకి తిప్పాడు.